గండికోట నుండి గండి వరకు: పరదేశుల చూపు, స్థానికుల సాక్ష్యము

కడప మండలమున 'గండి' యను మాట రెండు ప్రసిద్ధస్థలముల పేళ్లలో నిలిచియున్నది. జమ్మలమడుగునకు చేరువను పెన్నానది ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని లోతైన లోయలో ప్రవహించుచోట గండికోట కలదు. పులివెందుల సీమలో వేంపల్లెకు సమీపమున పాపఘ్నీనది కొండల నడుమ త్రోవ చేసికొని వెడలుచోట గండి ఆంజనేయక్షేత్రము కలదు. ఈ రెంటికిని పరదేశుల కథలతో సంబంధమున్నది. మొదటిదానికి ఒక ఫ్రెంచి రత్నవర్తకుడు వచ్చి తాను చూచినదానిని గ్రంథస్థము చేసెను. రెండవదానికి వచ్చెనని చెప్పబడు స్కాట్లండు దేశీయుడగు అధికారిని గూర్చి స్థానికులే కథ చెప్పుకొనిరి. ఒకచోట పరదేశి మనలను చూచినాడు. వేఱొకచోట మనవారు పరదేశిని చూచినారు. ఈ రెండు చూపులను ప్రక్కప్రక్కన నిలిపి పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

పరదేశమునకు పోయినవాడు అచ్చటివారి ఆచారములను గౌరవింపవలెననుట అందఱు నెఱిగిన నీతియే. అయితే చరిత్ర విద్యార్థికి ఈ నీతితో మఱియొక పని కలదు. పరసంస్కృతియెడ గౌరవము సత్ప్రవర్తనకు లక్షణమగుటయే కాక, సత్యజ్ఞానమునకు సాధనము కూడ నగునా? గౌరవించినవాడు ఎక్కువ తెలిసికొనునా? ఉపేక్షించినవాడు తక్కువ తెలిసికొనునా? ఈ ప్రశ్నకు సమాధానము నీతిశాస్త్రములో దొరకదు. సాక్ష్యములను తూచి చూడవలసియున్నది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల మధ్యయుగానంతర చరిత్రకు మనకు లభించు ఆధారములలో పెక్కులు పరదేశులు వ్రాసినవో, వ్రాయించినవో, సేకరించినవో యైయున్నవి. ఆ ఆధారములు ఎట్లు పుట్టినవో యెఱుగనిచో మన చరిత్రను మనము సరిగా చదువజాలము. కావున టావెర్నియే, మన్రో, మెకంజీ, బ్రౌను అను నలుగురిని ఇచట పరిశీలింతుము. ఆ పిమ్మట మనలో నుండియే వెలుపలికి పోయిన ఇరువురిని స్మరింతుము.

1. రత్నవర్తకుని పక్షము దినములు

జాఁ బాప్తిస్తు టావెర్నియే (1605-1689) పారిసు నగరవాసి. రత్నవ్యాపారము నిమిత్తము 1630 మొదలు 1668 వఱకు ఆఱు పర్యాయములు తూర్పుదేశములలో సంచరించెను. ఆయన యాత్రాగ్రంథము 1676లో ఫ్రెంచిభాషలో వెలువడెను. 1652లో ఆయన మచిలీపట్టణమున దిగి, మద్రాసు మీదుగా ప్రయాణము చేసి, ఆ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినమున గండికోటను చేరెను. గోలకొండ సుల్తానునకు అమ్మదలచిన ముత్యములను రత్నములను ముందుగా మంత్రియగు మీర్ జుమ్లాకు చూపవలసియుండుటయే ఆ రాకకు కారణము. మీర్ జుమ్లా అప్పుడు కర్ణాటక దండయాత్రలో నుండెను. కోట తన రాకకు కొలది దినములకు ముందే ఆయన వశమైనదని టావెర్నియే వ్రాసినాడు.

అప్పటి గండికోటలో నున్నవారిని గమనించినచో ఒక విశేషము గోచరించును. జయించిన సేనాని మీర్ జుమ్లా పారశీక దేశమందలి అర్దిస్తాను నుండి వచ్చినవాడు. ఆయనకొఱకు ఫిరంగులు పోతపోయుటకు పూనుకొన్నవాడు ఫ్రాన్సులోని బూర్జు పట్టణమునకు చెందిన క్లోదు మాయ్ అనువాడు. డచ్చివారి కొలువు విడిచివచ్చిన ఐరోపా ఫిరంగివాండ్రు ముట్టడిలో తోడ్పడిరి. ఇక రత్నములు తెచ్చినవాడు మన గ్రంథకర్త. పెన్న యొడ్డునగల తెలుగు కోటలో ఇందఱు పరదేశులు చేరియున్నారు. వారిలో ఒక్కడు మాత్రమే తాను చూచినదానిని పుస్తకముగా ప్రకటించినాడు. ఆ పుస్తకములో తెలుగువారు కనబడుట అరుదు. కోటనేలిన పెమ్మసాని ప్రభువుల కథ ఆ పుటలలో మనకు లభింపదు.

అయినను టావెర్నియే వ్రాతను తేలికగా త్రోసివేయరాదు. కోట కొండపై నున్న తీరును, దానిని చేరుటకు గల ఇఱుకుదారిని, ఒకవైపున క్రింద పాఱు నదిని, పైన నీటియూటల సాయమున పైరు పండు చిన్న మైదానమును ఆయన శ్రద్ధతో వర్ణించినాడు. ఆ స్థలమును చూచినవారు ఆ వర్ణన యథార్థమని యొప్పుకొందురు. మీర్ జుమ్లా గుడారములో చెప్పులులేని కాళ్లతో కూర్చుండి, కాలివ్రేళ్ల నడుమను ఎడమచేతి వ్రేళ్ల నడుమను కాగితములు నిలుపుకొని, ఒక్కొక్క జాబును తీసి ప్రత్యుత్తరము చెప్పి వ్రాయించుచుండెనని ఆయన చెప్పిన వృత్తాంతము రాజ్యకార్య నిర్వహణమును గూర్చిన అమూల్యసాక్ష్యము. ఆ విడిదిలోనే నేరస్థులను విచారించి శిక్షలు విధించుటయు ఆయన చూచినాడు. మీర్ జుమ్లా తనకు చూపిన అయిదు సంచుల వజ్రములు చిన్నవనియు, నల్లని నీరు గలవనియు ఆయన నిర్ణయించినాడు. తన వృత్తికి సంబంధించిన విషయములలో టావెర్నియే నమ్మదగిన సాక్షి.

ఆయన వృత్తి సాయపడని చోట ఆయన చూపు ఎట్లున్నదో తెలుపు ఘట్టము మఱియొకటి కలదు. ఫిరంగులకు కావలసిన లోహముకొఱకు మీర్ జుమ్లా దేవాలయములలోని రాగివిగ్రహములను తెప్పించెను. గండికోట ఆలయమునకు చెందిన ఆఱు విగ్రహములు తక్క తక్కినవన్నియు కరగినవి. ఆ ఆఱు మాత్రము ఎంత యత్నించినను కరగలేదు. అర్చకులు మంత్రము వేసిరని సేనాని వారిని బెదిరించెను. తుదకు క్లోదు మాయ్ ఒక్క ఫిరంగినైనను సరిగా పూర్తిచేయజాలక ఆ పని విడిచిపెట్టెను. టావెర్నియే ఈ సంగతినంతయు ఒక వింతగా చెప్పి ముగించినాడు. ఆ అర్చకులు ఏమనిరో, ఆ విగ్రహములు ఏ దేవతలవో, పూజలు నిలిచిపోయిన ఆలయమును చూచి ఊరివారు ఏమనుకొనిరో ఆయన అడుగలేదు. అడుగుటకు ఆయనకు తెలుగు రాదు. ఆయన పనియు అదికాదు. ఉన్నది పక్షము దినములు, చూడవచ్చినది నవాబును.

ఇది నింద కాదు. వర్తకుడు వర్తకునివలె చూచినాడు. కాని మనకు తేలు విషయమేమనగా, యాత్రికుడు ఎవరిని ప్రశ్నించునో వారి చరిత్రయే వ్రాయును. అతడు ప్రశ్నింపనివారు అతని గ్రంథములో మూగవారై నిలుతురు.

2. మన్రో: అధికారము, అభిమానము, ఐతిహ్యము

1800లో నిజాము ఆంగ్లేయులకు వదలిన ప్రాంతమే దత్తమండలము. దానికి ప్రధాన కలెక్టరుగా సర్ థామస్ మన్రో (1761-1827) నియుక్తుడై 1807 వఱకు ఆ పదవిలో నుండెను. జమ్మలమడుగు, పులివెందుల సీమలు ఆయన పాలనలోనివే. ఆయన రాకతో ఎనుబదిమంది పాళెగాండ్ర అధికారము అణచివేయబడెను. పొలముపొలమును కొలిపించి, రైతుతో నేరుగా పన్ను నిర్ణయించు రైత్వారీ పద్ధతి ఇచట నెలకొల్పబడెను. ఆయన సంవత్సరములో చాలకాలము గుడారములలో గడపుచు ఊరూర తిరిగినాడు.

మన్రోలో రెండు లక్షణములు కలిసియున్నవి. ఆయన జయించినవారి పక్షమున వచ్చిన పాలకుడు. పాళెగాండ్రయెడ కాఠిన్యము చూపినాడు. ఆయన కాలమున పన్నుభారము తక్కువకాదు. అయితే ఆ భారమును తానే గుర్తించి, పదవి విడుచు సంవత్సరమున నూటికి 25 వంతులు తగ్గింపవలెనని పైవారికి సూచించినాడు. ఆ సూచన అప్పుడు ఆమోదము పొందలేదు. 1813లో ఆంగ్ల పార్లమెంటు ఎదుట సాక్ష్యమిచ్చుచు, నాగరకత యనునది రెండు దేశముల మధ్య వ్యాపారవస్తువే యైనచో దానిని దిగుమతి చేసికొనుటవలన ఇంగ్లండే లాభపడునను అర్థము వచ్చునట్లు పలికినాడు. అట్టి మాట ఆనాటి సభలో సులభముగా చెప్పదగినది కాదు. ఊరూర తిరిగి, రైతులతో ముఖాముఖి మాటాడిన అనుభవమే ఆ మాటకు బలమిచ్చినదని మేము భావింతుము.

ఇక స్థానికులు ఆయనను ఎట్లు చూచిరి? గండి క్షేత్రమును గూర్చిన ఐతిహ్యము ప్రసిద్ధము. శ్రీరాముడు ఆ త్రోవను వచ్చునప్పుడు వాయుదేవుడు రెండు కొండల నడుమ బంగారుతోరణము కట్టెననియు, అది పుణ్యాత్ములకు మాత్రమే, అందును మరణము సమీపించినవారికి మాత్రమే, కానవచ్చుననియు ఆ ప్రాంతమువారి విశ్వాసము. మన్రో ఆ దారిని గుఱ్ఱముపై పోవుచు ఆ తోరణమును చూచెననియు, దానిని గూర్చి అడుగగా విన్న పెద్దలు దుఃఖించిరనియు, ఆయన కొలదికాలమునకే మరణించెననియు కథ. మన్రో 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరా సోకి చనిపోయినాడు. మంత్రాలయము రాఘవేంద్రస్వామి బృందావనముతోడను ఆయనకు సంబంధము కల్పించు కథ వేఱొకటి కలదు. రాయలసీమలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరనుట పలువు రెఱిగినదే.

ఈ తోరణకథ జరిగిన సంగతియా యని తర్కించుట వలన ఫలము స్వల్పము. అది ఎందులకు పుట్టినదో విచారించుట వలన ఫలము ఎక్కువ. జనులు మన్రోను తమ పురాణములోనికి తీసికొనిరి. అతడు తమ దేవుని ఎఱుగడు, తమ మతమువాడు కాడు. అయినను తమ క్షేత్రమహిమను చూడగల అర్హత అతనికి నిచ్చిరి. పరదేశిని గౌరవించుటకు గ్రామీణులకు తెలిసిన ఉత్తమమార్గ మిది. మఱియొక అర్థమును ఇందు కలదు. ఎంతటి దొరయైనను ఈ కొండల నడుమ నున్న సత్యమునకు లోబడినవాడే యని కథ నిశ్శబ్దముగా చెప్పుచున్నది. దొర భూమిని కొలిచినాడు; జనులు దొరను తమ కొలతతో కొలిచినారు. కావున ఈ కథను ప్రభుభక్తికి మాత్రమే నిదర్శనముగా గ్రహించుట పొరపాటు.

3. మెకంజీ: భాషరాని సేకర్త

కర్నల్ కాలిన్ మెకంజీ (1754-1821) స్కాట్లండునకు చెందిన లూయిస్ ద్వీపములో స్టార్నొవే పట్టణమున జన్మించినాడు. 1783లో భారతదేశమునకు ఇంజనీరుగా వచ్చి, మైసూరు సర్వే నడిపి, 1810లో మద్రాసునకును 1815లో భారతదేశమున కంతటికిని సర్వేయరు జనరలు అయినాడు. కొలతపనితోపాటు శాసనములు, నాణెములు, వ్రాతప్రతులు, గ్రామవృత్తాంతములు సేకరింపజేయుట ఆయన జీవితవ్రతముగా నుండెను. ఆ గ్రామవృత్తాంతములనే మనము కైఫీయతులని వ్యవహరించుచున్నాము. కడప మండలములోని పెక్కు గ్రామముల కైఫీయతులు ఆ సేకరణలో కలవు. గండికోట కైఫీయతు వానిలో ముఖ్యమైనది.

మెకంజీకి దేశభాషలలో పాండిత్యము లేదు. ఈ లోపమును ఆయన దాచుకొనలేదు. ఏలూరు ప్రాంతమునకు చెందిన కావలి వెంకట బొఱ్ఱయ్య పరిచయము వలననే భారతీయవిజ్ఞాన మందిరమున తనకు ప్రవేశము కలిగెనని ఆయన స్పష్టముగా వ్రాసినాడు. బొఱ్ఱయ్య 1803లో అకాలమరణము పొందగా, ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ కార్యభారమును వహించెను. మఱియొక సోదరుడు రామస్వామి దక్కను కవుల చరిత్రమును ఆంగ్లమున వ్రాసి 1829లో ప్రకటించినాడు. 1816లో థామస్ హికీ చిత్రించిన మెకంజీ చిత్రపటములో దేశీయసహాయకులు ఆయన ప్రక్కన నిలిచియున్నారు. ఆ కాలపు దొరల చిత్రపటములలో సేవకులు కనబడుట కలదు గాని, పనిలో భాగస్వాములుగా విద్యావంతులు కనబడుట అరుదు.

కైఫీయతు ఎట్లు సిద్ధమగుచుండెనో పరిశోధకులు గుర్తుంచుకొనవలెను. మెకంజీ పంపిన గుమాస్తా ఊరికి పోయి కరణమును కలిసికొనును. కరణము తన యొద్దనున్న కవిలెలను, దండకవిలెలను విప్పును. ఆలయముననున్న శాసనమును చదివి నకలు వ్రాసికొందురు. ఊరి పెద్దలు వినికిడిగా వచ్చిన కథను చెప్పుదురు. వీనినన్నిటిని చేర్చి వ్రాసినది కైఫీయతు. కావున దానిలో పత్రము కలదు, శాసనము కలదు, పురాణము కలదు, స్వప్రయోజనము కూడ కలదు. మాన్యములును ఇనాములును నిలుచునో పోవునో యను భయము ఆనాటి ఊళ్లలో నుండెను. సర్కారు మనుష్యుడు వచ్చి ఊరిచరిత్ర అడిగినప్పుడు, తమ దేవాలయమునకు ఫలానా రాయలు ఇన్ని పుట్ల భూమి ఇచ్చెనని చెప్పుటలో చరిత్రయు, విన్నపమును కలిసియుండుట సహజము. అడిగినవాడు గౌరవముతో అడిగినను, అతని వెనుకనున్న అధికారము సమాధానమును కొంత మార్చును. ఈ సంగతి కైఫీయతులను చదువుటలో మొదటి పాఠము.

అయినను వాని విలువ తగ్గదు. గండికోట పతనమును గూర్చి టావెర్నియే ఫిరంగులను ముట్టడిని చెప్పి ఊరకొన్నాడు. స్థానికైతిహ్యము పెమ్మసాని చిన్నతిమ్మనాయని పేరును, ఆయనకు ద్రోహము తలపెట్టి విషప్రయోగము చేసెనని చెప్పబడు పొదిలి లింగన్న పేరును నిలిపినది. మొదటి కథలో కోట ఫిరంగికి లొంగినది. రెండవ కథలో కోట ద్రోహమునకు లొంగినది. ఓడినవారు తమ ఓటమిని ఎట్లు అర్థము చేసికొనిరో రెండవ కథ వలననే తెలియును. ద్రోహకథలు ఓడినవారికి ఓదార్పు కాగలవని చరిత్రకారుడు సంశయింపవచ్చును. కాని ఆ సంశయమును ప్రకటించుటకైనను ముందు ఆ కథ వ్రాతలో నుండవలెను గదా! భాష రాని మెకంజీ, భాష వచ్చినవారిని నమ్మి, వారి చేత వ్రాయించినందుననే అది మనకు దక్కినది.

మెకంజీ మరణానంతరము ఆయన భార్య యొద్దనుండి ప్రభుత్వము ఆ సేకరణమును లక్షరూపాయలకు కొనెను. 1828లో హెచ్. హెచ్. విల్సన్ దాని పట్టికను ప్రకటించినాడు. సేకరణము లండను, కలకత్తా, మద్రాసులకు చెదరిపోయినది. లక్ష్మయ్య ఆ పనిని తాను కొనసాగింతునని 1830ల దశకములో కోరగా, దేశీయుని చేతికి అట్టి విమర్శకార్యము అప్పగింపదగదను భావముతో కలకత్తా పండితులు నిరాకరించిరి. మెకంజీ బ్రతికియుండగా జ్ఞానద్వారమైనవారు, ఆయన పోయిన తరువాత అర్హత లేనివారైరి. ఒక్క మనుష్యుని సౌజన్యముపై ఆధారపడిన గౌరవము ఆ మనుష్యునితోనే పోవునని ఈ ఉదంతము బోధించుచున్నది. ఆ గౌరవము సంస్థకు స్వభావము కావలెను.

4. బ్రౌను: భాష నేర్చిన విద్యార్థి

చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798-1884) కలకత్తాలో జన్మించి, 1817లో మద్రాసు చేరి, 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చినాడు. అప్పటి కడప కలెక్టరు హాన్బరీ తెలుగులో ధారాళముగా మాటాడువాడు. ఆయన సాహచర్యము యువకుడైన బ్రౌనుపై పనిచేసినది. అబే దుబాయి అను ఫ్రెంచి మతాచార్యుని గ్రంథములో వేమనను గూర్చిన ప్రస్తావన చూచి, ఆ పద్యములను వెదకుట ప్రారంభించినాడు. 1829లో వేమనపద్యములు ఆంగ్లానువాదముతో ఆయన పేర ప్రకటితమైనవి. 1826లో మరల కడపకు వచ్చిన బ్రౌను అచట తోటతో కూడిన బంగళా కొని, పండితులను లేఖకులను చేర్చి, స్వంతధనము వెచ్చించి, అప్పులపాలై, కావ్యములకు శుద్ధప్రతులు వ్రాయించినాడు. ఆ పనులకు అయోధ్యాపురము కృష్ణారెడ్డి తోడ్పడినాడు. జూలూరి అప్పయ్యశాస్త్రి, ములుపాక బుచ్చయ్యశాస్త్రి మున్నగు పండితులు ప్రతుల పరిష్కరణములోను వ్యాఖ్యానరచనలోను పాల్గొనిరి. 1852లో వెలువడిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఈ సమష్టికృషికి ఫలము.

బ్రౌను గొప్పదనము పండితుల యెదుట విద్యార్థిగా కూర్చుండుటలో నున్నది. కచ్చేరీలలో వాడు మాటలను, ఉర్దూ పారశీకముల నుండి తెలుగులో చేరిన పదములను ఆయన తృణీకరింపలేదు. వానికి ప్రత్యేకముగా మిశ్రభాషా నిఘంటువును 1854లో ప్రకటించినాడు. పండితుడు కావ్యములో లేదని విడిచిన మాటను, రైతు నోట నున్నదని పరదేశి చేరదీసినాడు. తెలుగు వ్యవహారభాషా చరిత్రకు ఇది గొప్ప యుపకారము.

అయితే తాను వచ్చునాటికి తెలుగు సాహిత్యము నిర్జీవముగా నుండెననియు, ముప్పది యేండ్లలో దానిని తానే బ్రతికించితిననియు బ్రౌను చెప్పుకొన్న మాటను యథాతథముగా గ్రహింపరాదు. ఆయన సేకరించిన తాళపత్రములు ఎవరి యిండ్లలో నుండినవి? వానికి పాఠము చెప్పినవారు ఎవరు? వ్యాఖ్యలు వ్రాసినవారు ఎవరు? మృతమైన సాహిత్యమునకు ఇందఱు వ్యాఖ్యాతలు దొరకుట యసంభవము. ముద్రణాలయమును రాజాదరమును లేక సాహిత్యము ఇండ్లలో ఒదిగియుండెననుట నిజము. దానిని వెలుగులోనికి తెచ్చినవాడు బ్రౌను, కాపాడినవారు వేఱు. ఈ భేదమును గుర్తించుట బ్రౌనునకు అగౌరవము కాదు. ఆయన పేరు తెలిసినంతగా ఆయన పండితుల పేళ్లు తెలియకుండుటకు బాధ్యత ఆయనకంటె మనది ఎక్కువ. బంగోరె మొదలగు పరిశోధకులు 1970లలో బ్రౌను జాబులను వెలికితీసినప్పుడుగాని ఈ సహకారముయొక్క విస్తృతి లోకమునకు స్పష్టము కాలేదు. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలతో కడపలో బ్రౌను నివసించిన స్థలముననే గ్రంథాలయము వెలసి, తరువాత యోగి వేమన విశ్వవిద్యాలయ నిర్వహణములోనికి వచ్చినది. కడప కైఫీయతులు అచ్చటినుండి సంపుటములుగా అచ్చుపడినవి. ఊళ్లనుండి సేకరింపబడిన మాట తిరిగి ఆ ఊళ్లకు చేరుటకు సుమారు రెండువందల యేండ్లు పట్టినది.

5. వెలుపలికి పోయిన మనవారు

పరదేశులను మాత్రమే పరీక్షించి ఊరకొనుట న్యాయము కాదు. మద్రాసు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన బయలుదేరి, నూఱుమందికి పైగా పరివారముతో కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి తిరిగి వచ్చినాడు. కడప మీదుగా అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు దారిగా ఆయన యాత్ర సాగినది. దారిలోని సంగతులను మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు జాబులుగా వ్రాసి పంపుచుండెను. పిళ్లగారు వానిని 1838లో కాశీయాత్రచరిత్ర పేర ప్రకటించిరి. బావులలో నీరు ఎట్లున్నది, బోయీలకు కూలి యెంత, ఏ సీమలో ఏ ధాన్యము తిందురు, ఏ ఊరిలో ఏమి దొరకును అను విషయములు ఆ గ్రంథములో విరివిగా కలవు. తన ఊరి ఆచారమునకు భిన్నమైనది కనబడినప్పుడు ఆయన పెక్కుచోట్ల దానిని గమనించి, కారణము వెదకి, తన దారిని సాగిపోవును. వ్యవహారభాషలో వ్రాయుటచే ఆయన చూపునకును మాటకును నడుమ అడ్డు తక్కువ.

ప్రొద్దుటూరును కర్మక్షేత్రముగా చేసికొన్న పుట్టపర్తి నారాయణాచార్యులు (1914-1990) వేఱొకవిధమైన యాత్రికుడు. శివతాండవము ప్రొద్దుటూరిలో పుట్టినది. ఆయన అనేకభాషలు నేర్చినాడు. తిరువనంతపురములో మలయాళ నిఘంటునిర్మాణమున పనిచేసినాడు. మరాఠీభాషలోని ధర్మానంద కోశాంబి బుద్ధచరిత్రను తెలుగు చేసినాడు. విశ్వనాథ ఏకవీరను మలయాళమునకు మార్చినాడు. ఒకరినుండి తీసికొనుటయు ఒకరికి ఇచ్చుటయు ఈ రెండు పనులలో సమముగా నున్నవి. ఇతరభాషను నేర్చుట దాని సంపదను మన యింటికి చేర్చుకొనుట కొఱకే కాదనియు, మన సంపదను వారి యింట నిలుపుటకు కూడననియు ఆయన ఆచరణమున చూపినాడు. శ్రీవైష్ణవ కుటుంబమునకు చెందినవాడు శివతాండవమును వ్రాసినాడనుట పరసంస్కృతి గౌరవము ఇంటిలోనే మొదలగుననుటకు నిదర్శనము.

6. తేలిన విషయములు

నలువురు పరదేశులను పోల్చిచూడగా కొన్ని విషయములు తేలుచున్నవి. కాలము ముఖ్యమైనది, పక్షము దినములలో చూచినదానికిని, ఏండ్ల తరబడి చూచినదానికిని భేదము తప్పదు. అయితే కాలమొక్కటియే చాలదు. భాష ముఖ్యమైనది, కాని భాషరాని మెకంజీ గ్రామీణుల మాటను నిలిపినంతగా భాషవచ్చిన అధికారులు పెక్కుమంది నిలుపలేదు. మనస్సులోని అభిమానమును ముఖ్యమైనదే. కాని పన్నును తగ్గింపుమని వ్రాసిన మన్రో అభిమానము పైవారి యాజ్ఞను మార్చలేకపోయినది. ఈ మూటికిని మించినది మఱియొకటి కలదు. ఎదుటివానిని తన విషయమును గూర్చి చెప్పదగిన అధికారిగా అంగీకరించుటయే అది. కరణము తన ఊరిని గూర్చి, అర్చకుడు తన ఆలయమును గూర్చి, రైతు తన మాటను గూర్చి మనకంటె ఎక్కువ ఎఱుగునని నమ్మి అడుగుటయే గౌరవము. ఈ నమ్మకము ఉన్నంతమేరకు ఆ పరదేశుల వ్రాతలు సత్యమునకు దగ్గఱైనవి, లేనంతమేరకు దూరమైనవి. కావున గౌరవము జ్ఞానసాధనమగునా యను మొదటి ప్రశ్నకు ఔననియే మా సమాధానము. కాని అది విమర్శకు బదులు కాదు. చెప్పినవానిని నమ్మి వినవలెను. విన్నదానిని పరీక్షించి వ్రాయవలెను.

పేళ్ల విషయమునను ఈ సూత్రము వర్తించును. దొరల నాలుకకు లొంగక కడప పేరు ఆంగ్లలిపిలో వికృతరూపమును పొందినది. ఆ వర్ణక్రమము 2005లోగాని సవరింపబడలేదు. జమ్ము పెరిగిన మడుగు జమ్మలమడుగనియు, ప్రొద్దుటూరు బ్రధ్నపురి యనియు స్థానికులు చెప్పు వ్యుత్పత్తులను భాషాశాస్త్రము అంగీకరింపవచ్చును, త్రోసిపుచ్చవచ్చును. కాని అవి ఊరివారు తమ ఊరిని ఎట్లు భావించుకొనిరో తెలుపు చారిత్రకవస్తువులు. వ్యుత్పత్తి తప్పినంతమాత్రమున సాక్ష్యము వ్యర్థము కాదు.

ఈ విచారము గతమునకే పరిమితము కాదు. 1970ల తరువాత కడప మండలమునుండి వేలకొలది జనులు కువైటు మొదలగు దేశములకు జీవనోపాధికై పోయిరి, పోవుచున్నారు. వారు అరబ్బీ మాటలు నేర్చిరి, పరుల యిండ్లలో పరుల నియమముల ననుసరించి బ్రతికిరి. టావెర్నియే రత్నములతో వచ్చెను, మన్రో అధికారముతో వచ్చెను; వీరు ఒట్టిచేతులతో పోయినవారు. అధికారము లేని యాత్రికుడు పరసంస్కృతిని ఎట్లు తెలిసికొనునో చెప్పగలవారు వీరే. వీరి జాబులు, మాటలు, అనుభవములు ఎవరును సమగ్రముగా సేకరింపకమునుపే మాయమగుచున్నవి. మన తెలుగుశాఖల పరిశోధకులకు ఇంతకంటె సన్నిహితమైన క్షేత్రము లేదు.

ఆ క్షేత్రమునకు పోవునప్పుడు మన విద్యార్థియు పరదేశియే. పట్టణమునుండి ప్రశ్నపత్రముతో వచ్చినవాడు గండికోట గ్రామస్థునకు గాని, వేంపల్లె రైతునకు గాని సర్కారు మనిషివలెనే కనబడును. కావున చెప్పినవారి పేరు, ఊరు, చెప్పిన దినము వారి యనుమతితో వ్రాసికొనవలెను. వారు చెప్పినదానిని మన వాదమునకు అనుకూలముగా కత్తిరింపరాదు. సమాధానములో వారి యవసరమెంత, జ్ఞాపకమెంత యని వివేచింపవలెను. సిద్ధాంతగ్రంథము పూర్తియైన పిమ్మట ఒక ప్రతి ఆ ఊరి పాఠశాలకో గ్రంథాలయమునకో చేరవలెను. కైఫీయతులు తమ ఊళ్లకు తిరిగి వచ్చుటకు రెండువందల యేండ్లు పట్టినది. మన సిద్ధాంతగ్రంథములు విశ్వవిద్యాలయ బీరువాలు దాటి, పెన్న యొడ్డునను పాపఘ్ని యొడ్డునను ఉన్న ఆ ఊళ్లకు చేరుటకు అంతకాలము పట్టనీయరాదు.